లంగరు వంతు

"వాగొస్తున్నదో! పెద్ద వాగొస్తున్నదో!"

కేక అమీర్‌పేట వీధి చివర పుట్టి, పెంటయ్య వంకాయ మడి దాటి, చర్చి వెనక పందిట్లోకి వచ్చేసరికి అక్కడ విస్తర్లు వేయడం సగంలో ఉంది. ఆదివారం ఆరాధన అయిపోయింది. నెలకోసారి పెట్టే ప్రేమవిందు ఆ రోజే. బగారన్నం గంజు దింపారు. మాంసం కూర ఇంకా పొయ్యి మీదే ఉంది. పొద్దుటి నుంచి పడుతున్న జల్లును ఎవరూ పట్టించుకోలేదు గాని, పైన బోరబండ దిక్కు మబ్బు నల్లగా దిగి చాలాసేపైంది.

క్రీస్తుదాసు పంతులు చేతిలో విస్తరి అలాగే ఉండిపోయింది.

"వంతు రాయి మీద ఎవరున్నారు ఇవాళ?" అన్నాడు.

అడిగాడే గాని ఆయనకు తెలుసు. అందరికీ తెలుసు. వంతు ఆయన కూతురు నవోమిది. కూర్చున్నది వాగొడ్డునే ఉండే ముసలి రుద్రమ్మ.

ఇక్కడ కాస్త ఆగి వంతు రాయి సంగతి చెప్పుకోవాలి, లేకపోతే ఆ వాడ ఎరగనివాళ్లు తికమకపడతారు.

అది ఇంగ్లీషు లెక్కన పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిదో సంవత్సరం. హుసేన్ సాగర్ నిండితే నీళ్లు వెనక్కి తన్ని అమీర్‌పేట వాగులో లోతుగా నిలిచేవి. సాగర్లో గాలి ఎక్కువైనప్పుడు కంటోన్మెంటు దొరలు తమ తెరచాప పడవలు తెచ్చి ఈ వాగులో ఆపుకునేవారు. ఇక్కడ గాలి లేదు, అల లేదు. తెల్లగా, సన్నగా, కొంగలు వాలినట్టు ఉండేవి ఆ పడవలు. చూడ్డానికి బాగానే ఉండేవి. చిక్కల్లా లంగరుతోనే. లంగరు వాగు అడుగున పట్టు దొరికించుకుందంటే, ఒడ్డున నీళ్లకు అందరికంటే దగ్గరగా ఎవరుంటే వాళ్ల పాదాలు నేలను పట్టుకునేవి. లంగరు లేస్తే పాదాలూ లేచేవి. అంతే.

ఎండాకాలం ఎండ కాసినట్టు ఇదీ ఒకటి. దాని మీద ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా వేళాపాళా లేకుండా వేయడం మీదే. దొరకు ఎండ తగిలితే లంగరు తీసి నాలుగు బారలు జరిగి మళ్లీ వేసేవాడు. ఇంకో దొర వచ్చి ఇంకోటి వేసేవాడు. పెంటయ్య ఎడ్లకు నీళ్లు పెడుతూ పట్టుబడితే, ఎడ్లు తమంతట తామే ఇల్లు చేరాయి, పెంటయ్య మర్నాటికి గాని చేరలేదు. చిలకమ్మ తన పెళ్లిచూపుల నాడు బిందెతో సహా పట్టుబడింది. వచ్చినవాళ్లు వాగొడ్డుకే వచ్చి చూసి వెళ్లారు. సంబంధం కుదిరింది కూడా, అది వేరే ముచ్చట.

చివరికి క్రీస్తుదాసు అర్జీ రాశాడు. ఆయన గుంటూరు దిక్కు నుంచి మిషను బడికి పంతులుగా వచ్చిన మనిషి. అర్జీ రాయడమంటే ఆయనకు పండగ. వాగొడ్డున ఉన్న పదహారిళ్లూ వేలిముద్రలు వేశాయి. దఫ్తరులో మున్షీ దాన్ని చదివి, "ఏడాదికి ఎంతమంది పట్టుబడుతున్నరు?" అని మాత్రం అడిగి, రాసుకుని, పంపేశాడు. ఆరు నెలలకు హుకుం వచ్చింది. వాగులో ఒకే పడవ ఆగవలెను. అదీ ఆదివారమే. పొద్దున తొమ్మిదికి లంగరు వేయవలెను, సాయంత్రం ఆరుకు తీయవలెను. ఈ నడుమ లంగరును గాని గొలుసును గాని ఎవరూ ముట్టరాదు, ముట్టినవారికి జైలు.

ఆ చివరి వాక్యం క్రీస్తుదాసు తన అర్జీలో సొంతంగా చేర్చింది. మాటిమాటికీ తీసి వేయకుండా ఉంటే పట్టుబడేది ఒక్కరే కదా అని ఆయన ఆలోచన. దఫ్తరు వాళ్లకు ఆ వాక్యం ఎంత నచ్చిందో ఏమో, ఎర్ర సిరాతో రాసి పంపారు. పడవ దొర ఇంకో అడుగు ముందుకేసి గొలుసుకు తాళం వేయించాడు. తాళంచెవి ఆయన గడియారానికి వేలాడుతుండేది.

మరి ఆ పట్టుబడే ఒక్కరు ఎవరు? దానికి పదహారిళ్లూ వంతులేసుకున్నాయి. నీళ్ల అంచున ఒక చదునైన రాయి చూసి, పైన తాటాకులు కప్పి, పక్కన పీట వేశారు. వంతు వచ్చినవాళ్లు తొమ్మిదికి ముందే చేతిపని తెచ్చుకుని ఆ రాయి మీద పాదాలు పెట్టి కూర్చునేవారు. అందరూ మెచ్చుకున్నారు. ఆ రాయి వాగుకు ఎంత దగ్గరో, ఎంత పల్లంలో ఉందో అప్పుడు ఎవరికీ తోచలేదు. ఎండాకాలంలో పెట్టుకున్న ఏర్పాటు కదా.

ఆ ఆదివారం వంతు నవోమిదే. కాని చర్చిలో పాట ఎత్తుకోవాల్సిందీ నవోమే. "నువ్వు పాడకపోతే మీ నాయిన ఎత్తుకుంటడు. మా బర్రెలు వారం దినాలు పాలియ్యవు. నేను కూసుంట, నువ్వు పో," అని రుద్రమ్మే తరిమింది. నవోమిని మనవరాలి కంటే ఎక్కువగా చూసుకుంటుంది రుద్రమ్మ. అయినా ఇన్నేళ్లలో వాళ్లింట్లో మంచినీళ్లు తాగలేదు. అప్పటి కులాల రివాజు అది.

సరే, కేక దగ్గరికి వద్దాం.

విస్తర్లు వదిలేసి పందిట్లో వాళ్లంతా వాగు దిక్కు ఉరికారు. నవోమి అందరికంటే ముందుంది. వెళ్లేసరికి పీట కొట్టుకుపోయింది. రుద్రమ్మ మోకాళ్ల లోతు ఎర్రనీళ్లలో నిలబడి ఉంది. ఏరుతున్న పుంటికూర గంప, గోంగూరే అది, నెత్తిన పెట్టుకుంది.

"పాటలైపోయినయా బిడ్డా?" అంది.

"అయిపోయినయి అవ్వా."

"మీ నాయిన సుత పాడిండా?"

"ఒక్కటి పాడిండు."

"అందుకే వానొచ్చింది."

వాగు నడుమ దొర పడవ దిగువకు గుంజుకుంటూ అటూ ఇటూ కొట్టుకుంటోంది. గొలుసు బిగిసినప్పుడల్లా రుద్రమ్మ మొహం ముడుచుకుంటోంది. పడవ మీద హనుమాండ్లు పలుగుతో తాళాన్ని బాదుతున్నాడు.

హనుమాండ్లు ఆమె సొంత తమ్ముడి కొడుకు. పదేళ్లుగా ఆ పడవకు కాపలా. పడవ వదలకూడదని దొర ఆజ్ఞ. అక్కడే వంట, అక్కడే తిండి, అక్కడే పడక. లంగరు వాడను పట్టుకున్నట్టు ఆయన్ను ఒక్కసారీ పట్టుకోలేదు గాని, నేల మీద నాలుగడుగులు వేసినట్టు చూసినవాళ్లు కూడా తక్కువే. "ఒక్క ఆదివారం వచ్చి నా ముంగట కూసొని బువ్వ తిని పోరా," అని రుద్రమ్మ ఒడ్డు నుంచి పిలిచినప్పుడల్లా, "పడవ ఇడిసి రావద్దంట అత్తా," అనేవాడు.

"అత్తా! ఇంగ్లీషు తాళం! పలుగు వంగుతుంది గని ఇది పగుల్తలేదు!" అని అరిచాడిప్పుడు.

"తాళాన్ని ముట్టొచ్చునా?" అన్నాడు ఒడ్డున పెంటయ్య, హుకుం గుర్తొచ్చి.

"తాళం సంగతి రాయలే! గొలుసు సంగతే రాసిండ్రు!" అన్నాడు పడవ మీద నుంచి హనుమాండ్లు.

క్రీస్తుదాసు ఇంకేం వినలేదు. చర్చి అరుగు గోడకు పటం కట్టించి పెట్టిన హుకుం ఉంది కదా, దాన్ని గోడ మీద నుంచి తీసి, చంకలో పెట్టుకుని, పంజాగుట్ట దిక్కు పరుగెత్తాడు. దొర ఆదివారాలు అక్కడ ఒక స్నేహితుడి బంగళాలో పేకాడుతూ గడిపేవాడు. మైలు దూరం. యాభై దాటిన మనిషి, మోకాళ్ల దాకా బురద, చెప్పు ఒకటి దారిలోనే పోయింది.

బంగళా వరండాలో నలుగురు దొరలు పేకముక్కలు పట్టుకుని ఉన్నారు. బట్లరు అడ్డం వచ్చాడు. క్రీస్తుదాసు బట్లరు పక్క నుంచే చేతులు జోడించాడు.

"అయ్యా, తాళంచెవి ఇప్పించండి! వాగు పొంగింది. ముసలావిడ మునిగిపోతోంది!"

బట్లరు దొర చెవిలో చెప్పాడు. దొర గడియారం తీసి చూసుకున్నాడు. దాని పక్కనే చిన్న ఇత్తడి తాళంచెవి ఊగింది. క్రీస్తుదాసు కళ్లు దాన్నే పట్టుకున్నాయి.

"ఛే బజే," అన్నాడు దొర. ఆరింటికే అని. ఇంకేదో చెప్పాడు.

బట్లరు తిప్పి చెప్పాడు. "పంతులూ, అర్జీ పెట్టింది మీరేనట గదా. నడుమల తీస్తే మీరే మళ్ల అర్జీ పెడ్తరంట. ఆ వాగు మస్తు నెమ్మదైన వాగంట, ఆయన ప్రతి ఆదివారం చూస్తడంట. ఎర్ర సిరాతోటి ఏం రాసున్నదో మిమ్మల్నే సదువుమంటున్నడు."

క్రీస్తుదాసు పటం చూశాడు. అద్దం మీద వాన చుక్కలు. ఆ కింద తన వాక్యం. చదవకుండానే దించేశాడు. "అయ్యా, ఒక్కసారి మీరు వచ్చి చూడండి," అన్నాడు. దొర ముక్క వేశాడు. అవతలి దొర ముక్క వేశాడు. ఆట సాగింది.

ఆయన తిరిగి వాగు చేరేసరికి నీళ్లు రుద్రమ్మ రొమ్ముల దాకా వచ్చాయి. నవోమి నీళ్లలోకి దిగి ఆమెను నడుం చుట్టూ పట్టుకుని నిలబడింది. గంప మాత్రం ఇంకా రుద్రమ్మ నెత్తినే ఉంది. ఎవరు అడిగినా ఇవ్వలేదట.

క్రీస్తుదాసు ఒడ్డున కూలబడ్డాడు.

"రుద్రమ్మ గారూ, ఇవ్వలేదండీ. ఆ ముక్క... ముట్టరాదన్న ముక్క... నేనే రాశానండీ."

"తెల్సు తియ్యి పంతులూ. దస్తూరి మంచిగుందని మున్షీ మెచ్చుకున్నడంట గద."

"నన్ను తిట్టండి."

"నీళ్లు తగ్గినంక తిడ్త. ఇప్పుడు నోట్లెకు వస్తున్నయి."

నవోమి తండ్రి దిక్కు చూసింది. ఆమె పళ్లు చలికి టకటక కొట్టుకుంటున్నాయి.

"నాయినా, లంగరు లేస్తే అవ్వ లేస్తది గద?"

"అవునమ్మా."

"మరి అవ్వ లేస్తే?"

ఇన్నేళ్లుగా అందరూ పడవ దిక్కు నుంచే ఆలోచించారు. పాదాల దిక్కు నుంచి ఆలోచించిన మనిషి ఒక్కరూ లేరు.

క్రీస్తుదాసు పటం ఎత్తి మళ్లీ మొదటి నుంచి చదివాడు. "మనిషిని ముట్టరాదని లేదు," అన్నాడు. "ఎక్కడా లేదు!"

పెంటయ్య అప్పటికే తన మోటబావి దిక్కు ఉరుకుతున్నాడు. మోట తాడు తెచ్చాడు, చెయ్యంత లావు. నవోమి దాన్ని రుద్రమ్మ చంకల కింద నుంచి తిప్పి ముడివేసింది. తాడు అవతలి కొసను చర్చికి వచ్చిన వాళ్లు, రానివాళ్లు, ఆదివారం బట్టల్లో ఉన్నవాళ్లు, గోచి మీద ఉన్నవాళ్లు దొరికినచోట దొరికినట్టు పట్టుకున్నారు. ఎవరి ముందు ఎవరు, ఎవరి వెనక ఎవరు అని చూసుకునే తీరిక లేదు.

"ఒడ్డుకు గుంజుండ్రి! హై... సా!"

గుంజారు. రుద్రమ్మ కేక పెట్టింది. అంతవరకు ఒక్క కేక పెట్టని మనిషి. తాడు ఒంట్లోకి దిగింది గాని పాదాలు జానెడు కూడా కదలలేదు. రెండోసారి గుంజితే తాడు పట్టిన వాళ్లే బురదలో పడ్డారు. నీళ్లు భుజాలు దాటాయి.

"ఆగుండ్రి! ఆగుండ్రి!"

పడవ మీద నుంచి హనుమాండ్లు. పలుగు పారేసి, అంచు పట్టుకుని, గొలుసు నీళ్లలోకి దిగేచోట కళ్లు పెట్టి చూస్తున్నాడు.

"మీరు గుంజినప్పుడు పడవ ఊగింది! లంగరుకు తెలుస్తున్నది! గని అటు గుంజితే రాదు. పడవ దిగువకు లాగుతున్నది గదా, లంగరు కొక్కెం ఇంక లోపలికి దిగుతది. మేం తీసేటప్పుడు ఎగువకు పోయి, ఎదురు గుంజుతం. అప్పుడు ఊడుతది. ఎగువకు గుంజుండ్రి!"

"వాగుకు ఎదురా?" అన్నాడు పెంటయ్య.

"ఎదురే! మొదలు తాడు ఒదులు చెయ్యుండ్రి, అత్తను జర ముందుకు ఒంగనియ్యుండ్రి. నేను చెప్పినప్పుడు ఒక్కటే ఊపు!"

ఎగువ ఒడ్డంతా పెంటయ్య వంకాయ మడి. కంచె ముళ్లు. అందరూ ఒక్క క్షణం దాని ముందు తటపటాయించారు. "ఏం జూస్తుండ్రు, తొక్కుండ్రి!" అని పెంటయ్యే ముందు దూకి కంచె విరిచాడు. కాపు మీదున్న చెట్లు. వాటిని తొక్కుకుంటూ తాడు పట్టుకుని ఎగువకు నడిచారు. తాడు వదులైంది. రుద్రమ్మ ఒంగింది. నీళ్లు గడ్డాన్ని తాకాయి. నవోమి ఒక చేత్తో ఆమె తల పట్టుకుంది, ఇంకో చేత్తో ఆ గంప పట్టుకుంది.

హనుమాండ్లు చెయ్యెత్తి ఉంచాడు. పడవ ఒకసారి కిందికి గుంజింది. ఇంకోసారి గుంజింది. తర్వాత అల వెనక్కి తన్నింది, గొలుసు రవ్వంత జారింది.

"ఇప్పుడు!"

ముప్పై మంది ఒక్క ఊపున గుంజారు. రుద్రమ్మ తల నీళ్లలో మునిగింది. నవోమి అరిచింది. తాడు మీద ఎవరూ ఊపిరి తీయలేదు. ఊబిలో దిగబడిన బండి చక్రం ఊడినప్పుడు వచ్చే చప్పుడు ఒకటి వచ్చింది. ఎక్కడి నుంచో ఎవరూ చెప్పలేరు, ఒడ్డు కింద నుంచీ వచ్చింది, వాగు నడుమ నుంచీ వచ్చింది. తాడు ఒక్కసారిగా తేలికైంది. అందరూ వెల్లకిలా పడ్డారు. వాళ్లతో పాటు రుద్రమ్మ, దగ్గుతూ, ఉమ్ముతూ, వంకాయ చెట్ల మీదికి వచ్చి పడింది. ఆమె వెనకే నవోమి, గంప.

వాగు నడుమ పడవ ముక్కు కింద, ఎవరి చెయ్యీ తగలకుండా, లంగరు పైకి తేలింది. బురద, నాచు కారుతూ గొలుసు కొసన ఊగింది. తాళం వేసింది వేసినట్టే ఉంది. తెల్లపడవ మెల్లగా పక్కకు తిరిగి, సాగర్ దిక్కు బయలుదేరింది.

హనుమాండ్లు దాని మీదే నిలబడి ఉన్నాడు. ఒడ్డు జరిగిపోతోంది. ఆయన దూకలేదు. పదేళ్లుగా పడవ వదలొద్దని విన్న కాళ్లు అవి.

రుద్రమ్మ మోచేతి మీద లేచింది. గొంతులో ఇంకా నీళ్లున్నాయి.

"నా కాళ్లే ఊడినయిరా! నీ కాళ్లకేమైంది? దుంకు!"

దూకాడు. ఎర్రనీళ్లలో రెండుసార్లు మునిగి, మూడోసారి మోట తాడు కొస పట్టుకున్నాడు. మళ్లీ ముప్పై మందీ లేచి గుంజారు. ఈసారి గుంజడం చాలా తేలికనిపించిందట.

సరిగ్గా ఆరు గంటలకు దొర గొడుగేసుకుని వచ్చాడు. వాన వెలిసింది. వాగు వరద తీస్తోంది. వంతు రాయి మీద బురద మేట వేసి ఉంది. దొర తాళంచెవి చేతిలో పట్టుకుని నీళ్లను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు.

"కిష్తీ కహాఁ హై?" పడవ ఏదని అడిగాడు.

క్రీస్తుదాసు ముందుకొచ్చాడు. పటం చంకలోనే ఉంది. ఒక కాలికి చెప్పు లేదు. ఎర్ర సిరా వాక్యం వేలితో చూపించి, ఈసారి ఒక్క అక్షరం వదలకుండా చదివాడు.

"ఎవరూ ముట్టలేదండీ," అన్నాడు. "లంగరునూ ముట్టలేదు, గొలుసునూ ముట్టలేదు. పడవ సాగర్ దిక్కు పోయింది, కావాలంటే వెళ్లి తాళం చూసుకోండి."

"తాళం గట్లనే ఉన్నది దొరా," అన్నాడు హనుమాండ్లు. "కొంచెం సొట్టలు పడ్డయి."

దొర ఆయన్ను చూశాడు. పడవ మీద తప్ప చూడని మనిషి నేల మీద నిలబడి ఉన్నాడు. రుద్రమ్మ భుజాల మీద, చంకల కింద తాడు ఒరిసిన ఎర్రటి గీతలు కనిపించాయి. ఆయన చూపు ఆ గీతల మీద కాసేపు ఆగింది. తర్వాత తాళంచెవి జేబులో వేసుకుని, ఒడ్డు వెంబడే సాగర్ దిక్కు నడుచుకుంటూ వెళ్లిపోయాడు. ఆ వాగులో ఆయన మళ్లీ లంగరు వేయలేదు. ఇంకే దొరా వేయలేదు.

పందిట్లో కూర మళ్లీ వేడిచేస్తున్నారు. రుద్రమ్మ ఆ పందిరి అంచు దాకా వచ్చి ఆగింది. లోపల ఆడవాళ్లకు ఏం చేయాలో తోచలేదు. రమ్మంటే ఏమంటుందో, రమ్మనకపోతే ఏమంటుందో.

రుద్రమ్మ నవోమి చేతిలో ఉన్న గంప తీసుకుంది. తడిసిన పుంటికూరను రెండు దోసిళ్లు తీసి మాంసం కూరలో వేసింది.

"ఇంకొక ఉడుకు రానియ్యుండ్రి," అంది. "ఉప్పు జర తక్కువైతది, సూసుకోండ్రి."

తర్వాత వెళ్లి ఒక విస్తరి ముందు నిలబడింది. ఒక పాదం ఎత్తి చూసుకుంది, ఇంకోటి ఎత్తి చూసుకుంది. మెల్లగా కూర్చుని, రెండు కాళ్లూ మడిచి బాసిపట్టు వేసుకుంది. నవోమి ఇత్తడి గ్లాసులో మంచినీళ్లు తెచ్చి పెట్టింది. ఆమె ఎత్తి గటగటా తాగేసింది.

హనుమాండ్లు పందిరి గుంజ పట్టుకుని ఇంకా నిలబడే ఉన్నాడు. నేల ఊగకపోవడం ఆయనకు అలవాటు లేదు. ఎక్కడ ఉండాలో, రేపు ఎక్కడికి పోవాలో తెలియని మొహం.

"రేపటి సంది పెంటయ్య మడి మళ్ల నాటాలె," అంది రుద్రమ్మ. "తొక్కింది మనమే గద. నువ్వూ రా, నేనూ వస్త. ఇప్పుడైతే కూసో."

తన పక్క నేలను అరచేత్తో తట్టింది. హనుమాండ్లు గుంజ వదిలి వచ్చి కూర్చున్నాడు. ఆయన పక్కన పెంటయ్య, పెంటయ్య పక్కన క్రీస్తుదాసు, తాడు మీద ఎలా దొరికితే అలా పట్టుకున్నట్టే మిగిలినవాళ్లు. నవోమి వడ్డించడం మొదలుపెడితే రుద్రమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"గరిటె గంజులనే ఉండనియ్యి బిడ్డా, ఎవరిది వాళ్లు పెట్టుకుంటరు. ఇయ్యాల నీ వంతు నేను కూసున్న. ఇప్పుడు నువ్వు సుత కూసో."

నవోమి కూర్చుంది. అప్పుడు అందరూ తిన్నారు.